తొమ్మిదో పేజీ మీది మురికి

జిరాక్సక్కకి కుడి బొటనవేలు లేదని ప్రభుత్వం వారు తేల్చేశారు. నిజానికి వేలు ఉంది. దానికి గోరు ఉంది. అవతలివాడికి ఆడించి చూపించి ఏడిపించడానికి కూడా పనికొస్తుంది. కానీ ఆఫీసులో వేలిముద్రల మిషను మీద పెడితే ఎర్రదీపమే వెలుగుతుంది. తడిగుడ్డతో తుడిచి పెట్టమన్నారు, నోటితో ఊది పెట్టమన్నారు, గట్టిగా నొక్కమన్నారు. చివరికి గుమాస్తాకి విసుగొచ్చి, "మీకు ముద్ర లేదమ్మా, అరిగిపోయింది" అని ఫారం మీద ఏదో రాసి పక్కన పడేశాడు. రోజుకి వందల కాగితాల చొప్పున ఇరవై రెండేళ్ళు అదే వేలితో విడదీస్తే ఏ ముద్ర మిగులుతుంది? దానికి తోడు ఆ వేలి మీద ఏటవాలుగా ఒక గాటు. పని నేర్చుకునే రోజుల్లో కాగితాలు కోసే కత్తి దించుతూ, వేలు తీయడం మరిచిపోయిన నాటిది.

"ముద్ర లేని మనిషివి. దొంగతనం చేసినా పట్టుబడవు. ఎంత అదృష్టమే!" అంది వాళ్ళ అత్తగారు, ఆఫీసు మెట్లు దిగుతూ.

దర్జీ కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న పదడుగుల గది వాళ్ళది. కోడలు జిరాక్సు మిషను దగ్గర, అత్తగారు బైండింగు బల్ల దగ్గర. మిషనుకి అత్తగారు పెట్టిన పేరు పెద్దల్లుడు. అతనికి వేళకి అన్నీ అమర్చాలి, చల్లగా గాలి తగలాలి. ఏ కాస్త తేడా వచ్చినా అలిగి, పెట్టిన కాగితం నమిలి ఉమ్మేస్తాడు. జిరాక్సక్క భర్త నీళ్ళ పైపుల మేస్త్రి. రెండు కాపీలు చేతికిచ్చి ఏది బాగుందని అడిగితే, రెండూ ఒకటే కదా అనే రకం. అందుకని ఆయన్ని షాపులో ఎక్కువసేపు కూర్చోనివ్వరు.

రెండూ ఒకటి కావు. నకలు అసలు కంటే శుభ్రంగా ఉండాలన్నది ఆమెకి పని నేర్పిన టైపు మేస్త్రి మాట. అసలు కాగితం మీద తెచ్చినవాడు టీ ఒలకబోసి ఉండొచ్చు, జేబులో చెమటకి నానబెట్టి ఉండొచ్చు. మన చేతిలోంచి వెళ్ళేటప్పుడు మాత్రం అది తలంటుకుని వెళ్ళాలి. అందుకు తగిన విద్యలన్నీ ఆమె దగ్గరున్నాయి. పల్చటి కాగితమైతే వెనకవైపు రాత ఇటు కనపడుతుంది. దాని వెనక ఒక నల్ల కాగితం ఆనిస్తే ఆ నీడ మాయం. పిన్ను తీసిన చిల్లుల మీద వైట్‌నర్ చుక్క. వంకరగా అంటించిన ముక్కని గోటితో లేపి, స్కేలు ఆనించి మళ్ళీ అంటించడం. అన్నిటికంటే ముఖ్యం గాజు. గాజు మీద ఒక్క వేలిముద్ర పడిందంటే ఆ తర్వాత తీసిన ప్రతి కాపీ మీదా నల్లమచ్చే. అందుకని గంటకోసారి స్పిరిట్ గుడ్డతో తుడవాల్సిందే. వేలిముద్ర ఆమెకి జన్మశత్రువు. తనకి ముద్రే లేదని గుమాస్తా అన్నప్పుడు లోలోపల కాస్త గర్వపడింది కూడా.

పనిలోనే దేవుడున్నాడని చెప్పేవాళ్ళు సాధారణంగా ఆ పని చేసేవాళ్ళు కారు. జిరాక్సక్కకి అలాంటి భ్రమల్లేవు. ఉన్నదల్లా ఒక్క పంతం. పొలం పట్టాలు, చదువు పట్టాలు, విడాకుల తీర్పులు, చచ్చినవాళ్ళ చివరి ఉత్తరాలు ఎన్నో ఆమె చేతుల్లోంచి పోయాయి. ఇరవై రెండేళ్ళలో ఒక్క అసలు కాగితమైనా పాడవలేదు. ఆ వీధిలో ఆమెకి పేరంటూ ఉందంటే అందువల్లే ఉంది.

ఒక గురువారం మధ్యాహ్నం ఇద్దరు వచ్చారు. ఒకావిడకి నలభై దాటి ఉంటాయి, నున్నగా గీయించిన తల, మోచేతుల దాకా వెల్డింగు రవ్వల మచ్చలు. వెంట ముప్పై ఏళ్ళ పొడుగాటి మనిషి, ఎడమ చెవికి పోగు బదులు పిన్నీసు. అత్తగారు ఊరుకుంటుందా?

"చెవికి పిన్నీసేంటి నాయనా? పోగు పారేసుకున్నావా?"

"లేదు మామ్మా, ఇదే పోగు."

"పోన్లే, నా జాకెట్టు హుక్కు ఊడినప్పుడు అడుగుతా."

"తప్పకుండా అడగండి. మా దగ్గర ఎవరి వస్తువూ ఎవరిదీ కాదు," అని అతను చెవి వంచి చూపించాడు.

ఆ క్షణం నుంచి అతని పేరు పిన్నీసు. గుండు ఆవిడని వాళ్ళవాళ్ళు అప్పటికే బోడక్క అంటున్నారు.

బోడక్క సంచిలోంచి పదహారు పేజీలు తీసింది. దాని పేరు 'గోల'. ఊరి చివర ఎప్పుడో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో ఆదివారాలు కలుసుకునే కొంతమంది సొంతంగా చేసుకునే పత్రిక. అక్కడ పాటలు వాళ్ళే కట్టుకుంటారు, వాయిద్యాలు ఇనపతుక్కుతో వాళ్ళే చేసుకుంటారు, జుట్టు ఒకరిది ఒకరు కత్తిరించుకుంటారు. బయట వాళ్ళని వెల్డరనో పార్సిళ్ళు మోసేవాడనో పిలుస్తారు. లోపలికి వచ్చాక ఆ పిలుపులు గుమ్మం దగ్గరే ఉండిపోవాలి. పత్రిక అమ్మరు, ప్రకటనలు వేసుకోరు. ఇదివరకు కాపీలు తీసిన షాపు ఎత్తేశారట.

"ఆదివారానికి నూట ఇరవై కాపీలు కావాలక్కా. ఇదే ఆఖరి సంచిక," అన్నాడు పిన్నీసు.

"ఏం, మానేస్తున్నారా?"

"సోమవారం ఫ్యాక్టరీ పడగొట్టేస్తున్నారు."

"ఉన్నది ఉన్నట్టు తియ్యండి, చాలు," అంది బోడక్క.

"అంతకంటే బాగానే తీస్తానులెండి," అంది జిరాక్సక్క. ఆ మాటలో ఎంత ప్రమాదం ఉందో అక్కడున్న నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

వాళ్ళు వెళ్ళాక పేజీలు తిరగేసింది. తిరగేసేకొద్దీ జాలేసింది. పేపర్లలోంచి కత్తిరించిన అక్షరాలు ఒకటి ఈశాన్యానికి ఒకటి నైరుతికి. బొమ్మ మీద బొమ్మ, దాని మీద మరక. అంచులన్నీ నల్లగా మాడినట్టు. పాపం, స్కేలు కూడా లేదు కాబోలు వీళ్ళ దగ్గర అనుకుంది. ఏ పుస్తకం వచ్చినా అందులో అన్నిటికంటే మురికి పేజీని ముందు ఒకసారి పల్చగా ట్రయల్ కొట్టి చూసుకోవడం ఆమె అలవాటు. ఈసారి పెద్దగా వెతకక్కర్లేకపోయింది. తొమ్మిదో పేజీలో పైన 'ఇంతమందిమి' అని ఒక ముక్క అంటించి ఉంది. కింద ఎవరో రాసుకోవడానికి వదిలిన ఖాళీ. ఆ ఖాళీ నిండా బూట్‌పాలిష్ వేలిముద్రలు! పెద్దల్లుడికి అప్పుడే టోనరు నల్లపొడి మార్చి, చేతులు గుడ్డకి తుడుచుకుని, ఆ పేజీని అంచు పట్టుకుని గాజు మీద బోర్లించింది. ట్రయల్ కాపీ చూసి "రామ రామ" అనుకుని చిత్తు కాగితాల పెట్టెలో పడేసింది.

తర్వాత పనిలోకి దిగింది. వంకర ముక్కల్ని సరిచేసింది. నల్లంచుల మీద వైట్‌నర్ పూసింది. తొమ్మిదో పేజీకి మాత్రం అరగంట పట్టింది. ముందు స్పిరిట్‌తో తుడిచింది, పోనివాటిని రబ్బరుతో రుద్దింది, ఇంకా మిగిలినవాటి మీద వైట్‌నర్ వేసి ఆరబెట్టింది. ఆ ముద్రలు వరసకి నాలుగు చొప్పున పది వరసల్లో ఉన్నాయన్న సంగతి ఆమె కంటపడనే లేదు. శత్రువు కనపడ్డప్పుడు వరసలెవరు లెక్కపెడతారు?

శుక్రవారం సాయంత్రం పిన్నీసు మొదటి కాపీ చేతిలోకి తీసుకుని తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. బోడక్క చేతికిచ్చాడు. జిరాక్సక్క మెప్పు కోసం చూస్తోంది. ఇరవై రెండేళ్ళుగా కాపీ అందుకున్నవాళ్ళ మొహంలో కాస్త వెలుగు చూడటం అలవాటైన మనిషి.

"ఇది ఎవరి పత్రిక?" అన్నాడు పిన్నీసు.

"మీదే! ఎంత నీటుగా వచ్చిందో చూడండి."

"ఆ అక్షరాలు వంకర పెట్టడానికి నాకు మూడు రోజులు పట్టిందక్కా."

జిరాక్సక్క నవ్వబోయి ఆగింది. అతను హాస్యానికి అనడం లేదు.

"రేషన్ కార్డు ఫారంలా ఉంది. సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

"ఊరుకోరా. వంకరేగా, మళ్ళీ పెట్టుకోవచ్చు," అని బోడక్క పేజీలు తిప్పుతూ తొమ్మిదో దగ్గర ఆగిపోయింది. "ఇందులోవి ఏవమ్మా?"

"అదా! ఎవరో నల్లచేతులతో పట్టుకున్నారు. తుడిచేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది."

బోడక్క పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. కాసేపు అరచేత్తో గుండు నిమురుకుంది. తర్వాత గొంతు పెంచకుండా చెప్పింది. కోపంగా చెప్పినా బాగుండేది.

ఫ్యాక్టరీలో మొదటి రోజు నుంచి రెండే నియమాలు. పేరు రాయకూడదు, ఫొటో తీయకూడదు. పేరూ ఫొటో పడితే ఎవరిదో పత్రిక అవుతుంది, ఎవరో పెద్దవాళ్ళవుతారు. అందుకని ఏడేళ్ళలో అక్కడికి ఎవరెవరు వచ్చారో ఎక్కడా లేదు. కిందటి నెలలో, కూల్చివేత ఖాయమయ్యాక, అందరి చేతా తలో వేలు వేయించింది బోడక్క. అదే తొమ్మిదో పేజీ. నలభై మంది. వేసినవాళ్ళలో ఐదుగురు ఊళ్ళు మారిపోయారు. ఒకడు ఎక్కడున్నాడో తల్లికే తెలియదు.

"మళ్ళీ వేయించడానికి మనుషులేరీ?" అంది.

అత్తగారు చేతిలోని స్పైరల్ తీగ బల్ల మీద పెట్టేసింది. పిన్నీసు బ్లేడుతో వైట్‌నర్ గీకి చూశాడు. కింద కాగితం తప్ప ఏమీ లేదు.

కళలో విధ్వంసం కూడా సృష్టేనని చెప్పే పెద్దమనుషులు ఉన్నారు. వాళ్ళెవరూ ఆ సాయంత్రం ఆ షాపులో లేకపోవడం వాళ్ళ ఆరోగ్యానికి మంచిదైంది. జిరాక్సక్కకి చెవులు వేడెక్కాయి. ఇరవై రెండేళ్ళ పేరు పోయిందని కాదు. నలభై మందిని, ఒక్కొక్కళ్ళనీ, గుడ్డ పెట్టి తుడిచింది తను. అదీ ఎంతో శ్రద్ధగా.

అప్పుడు గుర్తొచ్చింది.

"ట్రయల్! ట్రయల్ కొట్టాను. తుడవకముందు. పెట్టెలో ఉంటుంది."

"పెట్టె ఖాళీ చేశానే," అంది అత్తగారు నీరసంగా. "ఇవాళ శుక్రవారం కదా."

ప్రతి శుక్రవారం చిత్తు కాగితాల్ని నాలుగు ముక్కలుగా కోసి, రాయని వైపు పైకి పెట్టి, చిన్న పుస్తకాలుగా కుట్టి వీధిలో వాళ్ళకి పంచడం అత్తగారి ధర్మకార్యం. ఆ రోజు ఐదు పుస్తకాలు కుట్టింది. మూడు బల్ల మీదే ఉన్నాయి. వాటి తీగలు విప్పి ఒక్కో చీటీ తిరగేశారు. రెండు ముక్కలు దొరికాయి, ఒక్కోదాని మీద పది వేళ్ళు. నాలుగో పుస్తకం అత్తగారిదే. అందులో మూడో ముక్క ఉంది. దాని వెనక ఆవిడ ఆ ఉదయమే బీపీ లెక్కలు రాసుకుంది, స్కెచ్ పెన్నుతో, కళ్ళజోడు లేకుండా కనపడేంత లావుగా.

"డాక్టరుకి చూపించాలే అది!"

"కాపీ తీసిస్తా అత్తయ్యా."

"నీ కాపీలో బీపీ కూడా తుడిచేస్తావేమో," అంది ఆవిడ. ఆ గదిలో మొదటిసారి ఎవరో నవ్వారు. పిన్నీసే.

ఐదో పుస్తకం దర్జీ దగ్గరుంది. జిరాక్సక్క పరుగున వెళ్ళేసరికి నాలుగో ముక్క ఒక కోటు గుడ్డకి గుండుసూదితో గుచ్చి ఉంది.

"హెడ్మాస్టరు గారి కొలతలమ్మా. అది ఇచ్చేస్తే కోటు నా ఊహకి కుట్టాలా?"

"నకలు తీసిస్తాను బాబాయ్."

"అదేదో నకలు నువ్వు ఉంచుకుని అసలు నాకు వదిలెయ్యచ్చుగా?"

"ఈ ఒక్కసారికి అసలు నాకు కావాలి," అంది. ఒక ట్రయల్ కాపీలో పావు ముక్కని, అదీ పారేసినదాన్ని, ఆమె అసలు అంటోంది. దర్జీకి అర్థం కాలేదు. ఆమెకి కూడా మాట బయటికొచ్చాకే అర్థమైంది.

శనివారం పొద్దున షాపు తలుపు సగం మూసి 'మిషను అలిగింది' అని బోర్డు పెట్టింది అత్తగారు. పిన్నీసు పార్సిళ్ళ పనికి సెలవు పెట్టి వచ్చాడు. మిగతా పదిహేను పేజీలూ మళ్ళీ వంకర చెయ్యడం అతని పని. నాలుగు ముక్కలూ ఆమె పని.

ముక్కల మీది ముద్రలు పల్చగా ఉన్నాయి. ట్రయల్ కదా. రంగు పెంచి కొట్టింది. పెంచేసరికి వెనకవైపు రాత కూడా ఇటు లేచింది. వేళ్ళ వెనక తలకిందులుగా, అద్దంలోలా, బీపీ నూట యాభై. ఇంకోదాని వెనక ఛాతీ నలభై రెండు, భుజం పంతొమ్మిది. చెయ్యి దానంతటదే నల్ల కాగితం కోసం సొరుగులోకి వెళ్ళింది. తీసింది, ముక్క వెనక ఆనించింది. వెనక రాత మాయమైంది. ముద్రలు ఒంటరిగా, శుభ్రంగా మిగిలాయి.

చూసింది. ఎందుకో నచ్చలేదు. నల్ల కాగితం తీసి పక్కన పెట్టింది.

"వెనకవి కనపడతాయే," అంది అత్తగారు.

"కనపడనీ అత్తయ్యా. వీళ్ళు నిన్న మన వీధంతా తిరిగొచ్చారు. తిరగలేదని ఎందుకు అబద్ధం చెప్పాలి?"

పిన్నీసు కత్తెర ఆపి ఆమె వంక చూశాడు.

ముద్రలు చిన్నగా ఉన్నాయని పెద్దది చేద్దామనుకుంది. పెద్దల్లుడు నాలుగు రెట్లు పెంచుతాడు, అంతకంటే పెంచడు. నాలుగు రెట్లు పెంచినదాన్ని మళ్ళీ గాజు మీద పెట్టి ఇంకో నాలుగు రెట్లు పెంచింది. పెద్ద కాగితం నెమ్మదిగా, వెచ్చగా, నాలుక బయటపెట్టినట్టు వచ్చింది. చేతిలోకి తీసుకుని చూసి నోరు తెరిచింది.

అది వేలు కాదు. దున్నిన చేను. చాలు పక్కన చాలు వంపు తిరుగుతూ పోయి, నడుమ ఒక సుడిలో పడి తిరుగుతున్నాయి. ఒకచోట రెండు చాళ్ళు కలిసి ఒకటయ్యాయి. ఇంకోచోట ఒక చాలు దారి తప్పి నడిమధ్యలో ఆగిపోయింది. నకలుకి నకలు తీసేసరికి గీతలు గింజలుగా విడిపోయాయి. దగ్గరికి వెళ్తే ఇసక. రెండడుగులు వెనక్కి వేస్తే ఏరు. ఆ ఏటి అడుగున ఎక్కడో హెడ్మాస్టరు గారి భుజం కొలత, నీళ్ళలో మునిగిన రాయిలా.

ఇంకో వేలు పెంచింది. ఇది మొదటిదానిలా లేదు. సుడి లేదు. కొండ మీద కొండ, దాని మీద కొండ. మూడోదాని నడుమ గుండ్రంగా తెల్లటి గొయ్యి, చుట్టూ గీతలు దాన్ని తప్పుకుని పోతున్నాయి. "బోడక్కది. రవ్వ పడి కాలింది," అన్నాడు పిన్నీసు, గొంతు తగ్గించి. నాలుగు, ఐదు, ఆరు. ఏ ఒక్కటీ ఇంకోదానిలా లేదు. ఆ మాట ఆమె చిన్నప్పటినుంచీ వింటూనే ఉంది, ఎవరి వేలిముద్ర వాళ్ళదేనని. వినడం వేరు. ఇరవై రెండేళ్ళుగా గంటకోసారి ఇన్ని కొండలూ ఇన్ని ఏర్లూ స్పిరిట్ గుడ్డతో తుడిచి బుట్టలో పారేశానని నిలబడి చూడటం వేరు.

"అక్కా, ఒక చిన్న పని చేస్తారా?" అన్నాడు పిన్నీసు. "గాజు కింద లైటు కదిలేటప్పుడు ఈ పేజీని కొంచెం లాగండి."

"కదపడమా! గాజు మీద ఉండగా!" గుడిలో చెప్పులు వేసుకోమన్నా అంత ఉలిక్కిపడి ఉండేది కాదు.

"ఒక్కసారి."

లాగింది. బయటికొచ్చిన కాగితం మీద అక్షరాలు గాలికి వంగిన గడ్డిలా ఒక పక్కకి సాగిపోయాయి. మళ్ళీ లాగింది, ఈసారి నెమ్మదిగా. పొగలా లేచాయి. మూడోసారి మణికట్టు తిప్పుతూ లాగింది. ఆ పేజీ చూసి పిన్నీసు కత్తెర కింద పెట్టేశాడు. ఏడేళ్ళుగా తను లాగుతున్నాడు, ఇలా ఎప్పుడూ రాలేదు. లైటు ఎప్పుడు ఎక్కడుంటుందో మూత వేసి ఉన్నా ఆమెకి తెలుసు. ఆ చేతికి ఇరవై రెండేళ్ళుగా కదలకుండా ఉండటం మాత్రమే నేర్పారు. అది కదలడం మొదలుపెడితే ఎలా ఉంటుందో ఎవరూ అడగలేదు, ఆమె కూడా.

చీకటి పడకముందే పత్రిక నూట ఇరవై కాపీలూ, నలభై పెద్ద కాగితాలూ తయారయ్యాయి. కాగితానికి ఒక వేలు. ఆఖరి ముక్క గాజు మీద నుంచి తీయబోతే, దాని కుడి అంచున, వరసకి అవతల, ఇంకో మసక మచ్చ కనపడింది. మురికి అనుకుంది. అనుకున్న మరుక్షణం తన మాట మీద తనకే నమ్మకం పోయింది. నిన్నటిదాకా మురికి అన్నదంతా ఏమైందో చూసింది కదా. దాన్నీ పెంచింది. గీతలు చాలా పల్చగా, అరిగిపోయిన మెట్లలా ఉన్నాయి. వాటికి అడ్డంగా ఒక తెల్లచార. గాజు మీద గీత పడిందేమోనని మూడుసార్లు తుడిచి తీసింది. చార పోలేదు. విసుగొచ్చి ఆ నలభై ఒకటో కాగితాన్ని కూడా చుట్టలో చుట్టేసింది.

ఆదివారం మధ్యాహ్నం అత్తాకోడళ్ళు ఇద్దరూ ఫ్యాక్టరీకి వెళ్ళారు. వద్దని బోడక్క అనలేదు, రమ్మనీ అనలేదు. చుట్ట ఇచ్చేసి తిరిగి వచ్చేద్దామని జిరాక్సక్క ఉద్దేశం. చేసిన తప్పుకి ఇది సరిపోతుందని ఆమె అనుకోలేదు. వాళ్ళు చూసి పక్కన పడేస్తే మాట్లాడకుండా వచ్చెయ్యాలని దారంతా తనకి తాను చెప్పుకుంది.

ఇనుప తలుపు తోసి లోపల అడుగు పెట్టి, వచ్చిన పని మరిచిపోయింది.

రెండంతస్తుల ఎత్తు హాలు. ఒకప్పుడు ఐసు దిమ్మలు తేలిన తొట్లు ఇప్పుడు ఎండిపోయి, వాటిలో మనుషులు కూర్చుని ఉన్నారు. గోడల మీద ఉప్పు తెల్లగా పూసి ఉంది. ఆ ఉప్పు మీద నేల నుంచి కప్పు దాకా ఏడేళ్ళ 'గోల' అంటించి ఉంది. ముప్పై మూడు సంచికలు, ప్రతి పేజీ, ప్రతి వంకర. దగ్గరగా చూస్తే ఆమె రోజూ తుడిచే మురికే: నల్లంచులు, పిన్నుల నీడలు, మడతల చారలు. దూరంగా చూస్తే ఆ చారలు ఒక పేజీలోంచి ఇంకో పేజీలోకి పాకుతూ గోడంతా ఒకే నల్లటి తీగలా అల్లుకున్నాయి. మిషను వేసే మచ్చల్నే వీళ్ళు గీతలుగా వాడుకున్నారు. పెద్దల్లుడి అలకల్ని, ఉమ్మిన కాగితాల్ని, అన్నిటినీ. ఎవరో ఇనుపరేకుల డోలు మీద కొట్టారు. ఆ చప్పుడు చెవికంటే ముందు పక్కటెముకలకి తగిలింది. అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది, గట్టిగా.

"ఇదంతా రేపు పడగొట్టేస్తారా?" అంది ఆవిడ.

బోడక్క చుట్ట విప్పింది. మొదటి కాగితం చూసింది. కాలిన గొయ్యి ఉన్న కాగితం దొరికినప్పుడు తన బొటనవేలు దాని పక్కన పెట్టి చూసుకుంది. తర్వాత వెనక్కి తిరక్కుండానే, "జిగురు తెండి," అంది.

ఖాళీగా వదిలిన తూర్పు గోడ మీద అంటించారు, పది వరసలు, వరసకి నాలుగు, పాత క్రమంలోనే. డోలు ఆగిపోయింది. తొట్లలోంచి ఒక్కొక్కరే లేచి వచ్చారు. తమ వేలు తాము చూసుకున్నారు, గోడ మీది చేలలో వెతుక్కున్నారు. కనిపెట్టినవాళ్ళు అరిచారు. ఒకామె ఎవరి వేలు వెతుకుతోందో గానీ అది దొరికాక దాని మీద చెంప ఆనించి నిలబడింది. ఆ వేలి వెనక బీపీ నూట యాభై తలకిందులుగా మెరుస్తోంది.

"అది నాదే," అని చుట్టుపక్కల వాళ్ళందరికీ చెప్పుకుంటోంది అత్తగారు. "వేలు కాదు, వెనకది."

చుట్టలో ఒక కాగితం మిగిలిపోయింది.

"పది నాలుగులు నలభై. నా చేత్తో నేనే వేయించా," అంది బోడక్క. "ఇదెవరిదిరా?"

కాగితం చేతులు మారింది. తలా ఒకరు తమ వేలు పక్కన పెట్టి చూసుకుని, కాదని తల అడ్డంగా ఊపారు. అరిగిపోయిన మెట్లు, వాటికి అడ్డంగా తెల్లచార. చివరికి అది జిరాక్సక్క దగ్గరికి వచ్చింది. రెండు చేతులతో అంచులు పట్టుకుంది, మామూలుగా ఆమె ఏ కాగితం పట్టుకున్నా పట్టుకునేట్టే. కుడి బొటనవేలు సరిగ్గా ఆ చార పక్కకి వచ్చి ఆగింది.

ఏటవాలు గాటు. పెద్దదాని మీదా, చిన్నదాని మీదా.

గురువారం మధ్యాహ్నం, టోనరు మార్చిన చేత్తో, ముద్రలు తుడవకముందు, పేజీ అంచు పట్టుకుని గాజు మీద బోర్లించింది. ఎవరి కాగితం మీదా ఎన్నడూ మచ్చ పడనివ్వని మనిషి. నలభై మందిని తుడిచి పారేయడానికి ఒక్క నిమిషం ముందు వాళ్ళ పక్కన వేలు వేసి వచ్చింది. అరిగిపోయాయన్న గీతలు గోడంత కాగితం మీద ఒకదాని పక్కన ఒకటి అలాగే ఉన్నాయి, పల్చగా, తెగకుండా. ఆమె తొట్టి గట్టు మీద కూర్చుంది. వేలు ఎత్తి చూపించింది.

బోడక్క ఆ వేలు చూసింది, కాగితం చూసింది. నవ్వు ఆపుకోలేక తల గోడకి ఆనించింది.

"ఆఫీసు గుమాస్తాని పిలుచుకురండే ఎవరైనా," అంది అత్తగారు. "ముద్ర లేదన్నాడు వెధవ."

పిన్నీసు కాగితం అందుకుని, వరసలకి అవతల, కుడి అంచున, ఎక్కడ పడిందో అక్కడే జిగురు పూసి అంటించాడు. కాస్త వంకరగా. వెనక్కి జరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, చాలా మర్యాదగా అడిగాడు:

"ఆ చివర ఏదో మురికి పడినట్టుందక్కా. తుడిచెయ్యమంటారా?"

"చెయ్యి వేశావంటే విరగ్గొడతా," అంది జిరాక్సక్క.